దుర్గ చూడని పని

పోయినవారం మీరు నన్ను మా ఇంటి గుమ్మంలో, చేతిలో పిండి జల్లెడతో వదిలేసి వెళ్ళారు. ఎదురుగా దుర్గ నిలబడి ఉంది. రెండేళ్ళపాటు నా వంటింట్లో నా పక్కన నిలబడి బిస్కెట్లు చేసిన దుర్గ, చంకలో గుండ్రటి కరెంటు ఓవెనూ, చేతిసంచిలో గుమ్మడికాయా పెట్టుకుని నా ఇంటికే నా మీద పోటీకి వచ్చింది. ఆమె వెనక శౌరయ్యగారు వంగి చెప్పులు విప్పుకుంటున్నారు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. శౌరయ్యగారికి హనుమాన్ జంక్షన్‌లో, బస్సులు ఆగే చోట బేకరీ ఉంది. మా మసాలా గుమ్మడి ఓట్సు బిస్కెట్లు తిని, తన కొట్లో ఒక అద్దాల కౌంటరు వాటికే ఇస్తానన్నారు. ఆ కౌంటరు వస్తే మేం బెజవాడలో, ఆటోనగర్ పక్కనున్న ఈ రెండు గదుల ఇంట్లోనే ఉంటాం. రాకపోతే శుక్రవారం సామాను సర్దుకుని చల్లపల్లి వెళ్ళాలి. అక్కడ మా బావగారు నాగూర్ ఇంట్లో పన్నెండు మందికి మూడు పూటలా వండిపెడుతూ నేను ముసలిదాన్నయిపోవాలి. ఇది మా అత్తగారు జహీదా కోరిక. మా ఆయన ముస్తఫా అటు తల్లినీ ఇటు నన్నూ చూసి, "కౌంటరొస్తే ఉందాం, రాకపోతే పోదాం" అనేసి స్పానర్లు సంచిలో వేసుకుని పనికి వెళ్ళిపోయాడు. ఆ మాట న్యాయంగానే ఉందనుకున్నాను.

సరిగ్గా అప్పుడే నా కొలతల పుస్తకం మాయమైంది. రెండు రోజుల తర్వాత బియ్యం డబ్బా వెనక దొరికింది. నాలుగోరోజున దుర్గ శౌరయ్యగారికి ఫోన్ చేసి, ఆ బిస్కెట్లు తనూ చేయగలదనీ, కొలతలన్నీ తన దగ్గరున్నాయనీ చెప్పింది. ఎవరివి బాగుంటే వాళ్ళకే కౌంటరన్నారాయన. పుస్తకం ఎవరు తీశారో చెప్పడానికి పోలీసులు రావాలా?

"లోపలికి రావచ్చాండీ, ముబీనా గారూ?" అంది దుర్గ.

రెండేళ్ళు "అక్కా" అని పిలిచిన నోరది. ఆ గారూ నాకు చెంప మీద కొట్టినట్టే తగిలింది.

"రా. దారి తెలీనిదానిలాగా అడుగుతావేంటి? ఏ డబ్బా వెనక ఏముందో కూడా నీకు తెలుసుగా," అన్నాను.

"డబ్బాలు తోమిందాన్ని కదండీ. తెలవకేమండీ?"

శౌరయ్యగారు గొంతు సవరించుకున్నారు. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్ళు బేకరీలో పనిచేసిన చేతుల మీద వెంట్రుకలు కూడా మిగల్లేదు. "అమ్మా, మీ గొడవ మీరు తర్వాత చూసుకోండి. నాకు బిస్కెట్టు కావాలి," అన్నారు.

ముందుగదిలో మంచం మీద మా అత్తగారు తస్బీ తిప్పుతూ కూర్చుని ఉంది. దుర్గని చూసి తల ఊపింది. నన్ను చూసి పూసల వైపు చూపు తిప్పుకుంది. పక్కింటి దుర్గని ఆవిడ ఎన్నడూ ఇంత మర్యాదగా చూడలేదు. ఆ సంగతి నాకు కొంచెం వింతగానే అనిపించింది కానీ, నా మనసంతా పొయ్యి మీద ఉంది.

వంటింట్లో ఒక మూల నా బట్టీ ఉంది. దాన్ని మా ఆయనే చేశాడు. పాత లారీ బాడీ రేకుని కోసి, రెండు పొరలుగా వెల్డింగు చేసి, మధ్యలో బూడిద దట్టించి, కింద గ్యాస్ బర్నరు పెట్టాడు. తలుపుకి లారీ టూల్‌బాక్సు గొళ్ళెం. మామగారికి గుండెజబ్బు వచ్చినప్పుడు డాక్టరు ఓట్సు జావ తాగమంటే, ఆయన ఒక్క గుటక వేసి "గ్రీజులా ఉంది, లారీకి పెట్టండి" అని గ్లాసు పక్కన పెట్టేశారు. ఆ ఓట్సు డబ్బా పారేయలేక బిస్కెట్లు చేద్దామన్నాను. అప్పుడు నెలరోజులు సాయంత్రాలు కూర్చుని మా ఆయన ఆ బట్టీ తయారుచేశాడు. మొదటి ట్రే బయటికి తీసినప్పుడు, వేడి బిస్కెట్టు నోట్లో వేసుకుని నాలిక కాల్చుకుని నవ్విన మొహం నాకింకా గుర్తుంది. మామగారు పోయేదాకా రోజుకి రెండు తిన్నారు.

దుర్గ తన ఓవెన్ని గట్టు మీద పెట్టి ప్లగ్గు పెట్టింది. అల్యూమినియం పెట్టె, మూత మధ్యలో చిన్న గాజు కిటికీ. కొత్తది. దాని మీద అంటించిన కాయితం కూడా ఇంకా పీకలేదు.

"ముందే చేసి పెట్టుకున్నది ఏదీ వద్దమ్మా," అన్నారు శౌరయ్యగారు కుర్చీ లాక్కుని. "కాయ కొయ్యడం దగ్గర్నుంచీ నా కళ్ళ ముందు జరగాలి. ఒంటిగంటకి నేను బస్సెక్కాలి."

నేనేమో పెరట్లో మేకుకి తెల్లవారకముందే ఒక గుడ్డమూట వేలాడదీసి వచ్చాను. అందులో ఉడికించి మెదిపిన గుమ్మడి గుజ్జుంది. గుమ్మడికాయలో ఉన్నన్ని నీళ్ళు కృష్ణా కాలవలో కూడా ఉండవేమో. ఆ గుజ్జుని గుడ్డలో కట్టి నాలుగు గంటలు వేలాడదీస్తే నీరంతా కారిపోయి, చేత్తో ముద్ద చేస్తే నిలబడేంత చిక్కబడుతుంది. అప్పుడే బిస్కెట్టు బిస్కెట్టులా వస్తుంది. ఈ ఒక్క పని నా పుస్తకంలో లేదు. "గుజ్జు రెండు గ్లాసులు" అని మాత్రమే రాసుకున్నాను. నా చేతికి తెలిసిన పనిని నేను నాకెందుకు రాసుకుంటాను?

పెరటి తలుపు దాకా వెళ్ళి ఆ మూటని ఒకసారి చూసి వెనక్కి వచ్చాను. కింద గిన్నెలో సగం దాకా పచ్చటి నీళ్ళున్నాయి. అంత కష్టమూ వృథా అయిపోయింది.

గట్టు కింద నుంచి ఇంకో కాయ తీసి, పీట మీద పెట్టి, పెద్దకత్తితో ఒక్క వేటుకి రెండు చేశాను. దుర్గ మొహం పక్కకి తిప్పుకుంది. తన కాయని పీట మీద పెట్టి, కత్తి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"శౌరయ్యగారూ, కాస్త మొదటి కత్తి మీరు వేస్తారా?"

"నేనా? ఎందుకమ్మా?"

"మా ఇళ్ళల్లో ఆడోళ్ళం గుమ్మడికాయని పగలగొట్టమండీ. పెద్దకొడుకుతో సమానం అంటారు. మగోళ్ళెవరన్నా రెండు చెక్కలు చేసిస్తే అప్పుడు మేం తరుక్కుంటాం."

నాకు నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు. "పోటీకి వచ్చేటప్పుడు మీ ఆయన బంగార్రాజుని కూడా సంచిలో వేసుకు రావలసింది," అన్నాను.

"మా ఆయన చేపల మార్కెట్లో పనిలో ఉన్నాడండీ. పని మానుకుని ఎదుటోళ్ళ గుమ్మాల చుట్టూ తిరిగే తీరిక మా ఆయనకి లేదు," అంది దుర్గ. ఆ మాటని ఎవరి మీదో విసిరినట్టుగా అంది. ఎవరి మీదో నాకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే అర్థం చేసుకునే ఓపిక కూడా నాకు లేదప్పుడు.

శౌరయ్యగారు లేచి, చేతులు కడుక్కుని, దుర్గ కాయని రెండు చెక్కలు చేసి మళ్ళీ కూర్చున్నారు.

ఆ గుమ్మడికాయ సంగతి కూడా చెప్పేస్తాను, నా మీద మీకు కోపం వచ్చినా సరే. మొదటిసారి దుర్గ మా ఇంటికి కాయ తెచ్చినరోజున ఆమె ఎదుటే కత్తి వేశాను. చెవులు మూసుకుని పెరట్లోకి పరిగెత్తింది. తర్వాత లోపలికి వచ్చి, "ఏం అనుకోకక్కా, నాకు చూట్టానికి భయం," అంది. వాళ్ళ అత్తగారి మొదటి కొడుకు పుట్టిన నెలకే పోయాడట. ఆ ఇంట్లో ఆ భయం ఇంకా ఉంది. ఆ రోజునుంచి నేను కాయ కొయ్యడం, ఉడికించడం, మూటకట్టి వేలాడదీయడం అన్నీ తెల్లవారుజామునే ముగించేదాన్ని. దుర్గ పదిగంటలకి వచ్చేసరికి చిక్కటి గుజ్జు గిన్నెలో మూతపెట్టి ఉండేది. ఆమె మనసు నొప్పించకూడదని చేసిన పని అది. ఇవాళ అదే నాకు ఆయుధమైంది.

దుర్గ ముక్కల్ని కుక్కర్లో వేసి, పైన ఒక గ్లాసు నీళ్ళు కూడా పోసింది. నేను చూశాను. మూడు విజిళ్ళు వచ్చాయి. మూత తీసి మెదిపితే గరిటెజారుగా వచ్చింది. ఒక్క క్షణం దానివంక చూసి, నా వంక చూసింది. నేను ఓట్సు వేయిస్తున్నట్టు మూకుట్లోకి చూస్తూ ఉండిపోయాను.

నా ముక్కలు ఇడ్లీపాత్రలో ఆవిరికి ఉడికాయి. ఇప్పుడు మూట కట్టి వేలాడదీసే టైం లేదు. ఒకటే దారి ఉంది. గుజ్జుని వెడల్పు మూకుట్లో వేసి, హల్వాకి తిప్పినట్టు సన్నసెగ మీద అడుగంటకుండా తిప్పుతూ నీరు ఇగరబెట్టాలి. కానీ ఆ పని దుర్గ కళ్ళముందు చేస్తే, చూసి తనూ అదే చేస్తుంది. చెయ్యకపోతే నా బిస్కెట్టూ పాడవుతుంది.

అందుకని ఆగాను. వేయించిన ఓట్సుని మళ్ళీ వేయించాను. సగం ఓట్సు మిక్సీలో వేసి పొడి చేశాను. మైదాని రెండుసార్లు జల్లించాను. దాల్చినచెక్క, లవంగాలు, సొంఠి రోట్లో వేసి నింపాదిగా దంచాను. జాజికాయని రాయి మీద అరగదీశాను. దుర్గ వెన్నలో బెల్లంపొడి కలిపింది. అందులో గుజ్జు పోసింది. మైదా, మసాలా, సోడా వేసింది. ఆఖరికి ఓట్సు దోసిలితో పోసేసింది. ఇక వెనక్కి తీసుకునే దారి లేదు.

అప్పుడు నేను గుజ్జుని మూకుట్లో వేసి పొయ్యి వెలిగించాను.

మొదట దుర్గ పట్టించుకోలేదు. మూకుట్లోంచి ఆవిరి లేచి, గుజ్జు తుపుక్ తుపుక్‌మని చిట్లడం మొదలుపెట్టాక తలెత్తింది. నేను తిప్పుతున్నాను. గుజ్జు రంగు మారుతోంది, ముద్దకడుతోంది. పది నిమిషాలకి దుర్గ చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. వేళ్ళ సందుల్లోంచి జారి పళ్ళెంలో పడుతోంది.

"ఇదేంటి?"

"కనపడట్లా? గుజ్జు."

"ఎందుకు మళ్ళీ పొయ్యెక్కించావు?"

"నీళ్ళు పోవాలిగా."

"ఎప్పుడూ ఇలా చేసేదానివి కాదే!"

"ఎప్పుడూ గుడ్డలో కట్టి వేలాడదీసేదాన్ని. నువ్వు రాకముందు."

దుర్గ పెరటి తలుపులోంచి మేకుకి వేలాడుతున్న మూటని చూసింది. "పొద్దున్నే మా పెరట్లోంచి కనపడితే అది పెరుగు మూట అనుకునేదాన్ని," అంది మెల్లిగా. తర్వాత గొంతు పెరిగింది. "రెండేళ్ళు! రెండేళ్ళపాటు రోజూ నీ పక్కన నిలబడ్డానే! ఒక్కసారి చెప్పావా? ఇంట్లో చేసుకుంటే పల్చగా వచ్చింది. ఓవెను కొత్తది, వేడి కుదర్లేదని నన్ను నేనే తిట్టుకున్నాను. నువ్వు దాచిపెట్టావన్నమాట!"

"దాచలేదు. కాయ కొయ్యడం చూడలేనన్నావని ముందే చేసేదాన్ని."

"అబ్బో! నా మీద దయ! ఆ దయ శౌరయ్యగారు మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు ఎక్కడికి పోయింది? 'ఈవిడ ఎవరమ్మా' అని ఆయన అడిగితే ఏం చెప్పావు? చెప్పు, ఆయన ముందే చెప్పు!"

నేను గరిట తిప్పుతూనే ఉన్నాను.

"'పనిలో సాయానికి వస్తుంది' అన్నావు. అంట్లు తోముకునే మనిషిని చెప్పినట్టు! బిస్కెట్లలో గుమ్మడికాయ వేద్దామన్నది ఎవరు? లంకల్లోంచి కాయలు మోయించుకొచ్చింది ఎవరి మొగుడు? గుమ్మడికాయ లేకపోతే నీది ఉత్తి ఓట్సు పిండే కదా!"

అది నిజం. నేనా మాట అన్నాను. అన్నరోజునే తప్పని తెలుసు. తర్వాత సరిదిద్దుకుందామనుకుని ఊరుకున్నాను. కానీ తప్పు చేసినవాళ్ళు అందరికంటే గట్టిగా అరుస్తారు. నేనూ అరిచాను.

"అన్నాను! అందుకని నా పుస్తకం ఎత్తుకుపోతావా? అన్నం పెట్టిన ఇంట్లో దొంగతనం చేస్తావా?"

"నోరు జాగ్రత్త!"

"చేసినదానికి లేని సిగ్గు అన్నదానికి వచ్చిందా?"

శౌరయ్యగారు కుర్చీలోంచి లేచి, "మాడుతోందమ్మా," అన్నారు. అంతే. ఇద్దరం నోరు మూసుకుని పని చేశాం. దుర్గ పిండిలో ఇంకో రెండు గుప్పిళ్ళ మైదా కలిపి చెంచాతో పళ్ళెంలో పెట్టింది. అవి పెట్టినచోట నిలవకుండా మెల్లిమెల్లిగా వెడల్పయ్యాయి. నేను ఉండలు చేసి, అరచేత్తో అదిమి, రెండు ట్రేలు నింపి, ఒకటి బట్టీలో పెట్టి గొళ్ళెం వేశాను. ఇల్లంతా దాల్చినచెక్క, బెల్లం వాసన నిండిపోయింది. ఆ వాసన వస్తే మా వంటింట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు నవ్వుతూ ఉండేవాళ్ళు. ఇవాళ గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ముందు దుర్గ తన ఓవెన్ మూత తీసింది. పన్నెండు బిస్కెట్లూ ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే అట్టు అయి కూర్చున్నాయి. శౌరయ్యగారు ఒక అంచు తుంచి నోట్లో వేసుకున్నారు. "రుచి బాగుందమ్మా," అన్నారు. ఆయన మంచివారు. "కానీ దీన్ని బిస్కెట్టని అమ్మలేను."

నా ట్రే తీశాను. శౌరయ్యగారు ఒకటి చల్లారేదాకా ఊదుకుని విరిచారు. అంచు ఫట్‌మంది, మధ్యలో మెత్తగా ఉంది. కళ్ళు మూసుకుని నమిలి, ఇంకోటి తీసుకున్నారు.

"కౌంటరు నీదేనమ్మా, ముబీనా. సోమవారం మొదటి బస్సు టైముకి సరుకు కావాలి."

నేను రెండో ట్రే బట్టీలోకి తోసి గొళ్ళెం వేశాను. చల్లపల్లి లేదు. పన్నెండు మంది కంచాలు లేవు. నా ఇల్లు, నా బట్టీ నాకే ఉంటాయి. సంతోషం గొంతుదాకా వచ్చింది. అది పూర్తిగా పైకి రాకముందే దుర్గ తన జాకెట్లోంచి మడిచిన కాయితం ఒకటి తీసి నా కాళ్ళ దగ్గర విసిరింది.

"ఇదుగో నీ కొలతలు! పెట్టుకో. దొంగ అన్నావుగా? పెద్దింట్లమ్మ తల్లి మీద ఒట్టేసి చెప్తున్నాను, నీ పుస్తకం నేను కంటితో కూడా చూడలేదు. అయినా ఆ పుస్తకం నువ్వు ఏ అక్షరాల్లో రాసుకున్నావు? తెలుగులోనా?"

నేను ఉర్దూ బళ్ళో చదువుకున్నాను. నా పుస్తకమంతా ఉర్దూలోనే ఉంటుంది.

"నాకు ఆ రాత వస్తుందా? కుడినుంచి చదవాలో ఎడమనుంచి చదవాలో కూడా నాకు తెలవదు. ఎత్తుకుపోయి ఏం చేసుకుంటాను? పొయ్యిలో పెట్టుకుంటానా?"

వారం రోజులు ఆమెని తిట్టుకుంటూ నిద్రలేచాను, తిట్టుకుంటూ పడుకున్నాను. ఇంత చిన్న సంగతి ఒక్కసారి కూడా నా బుర్రకి తట్టలేదు. నా కోపాన్ని చూసి నాకే సిగ్గేసింది.

వంగి కాయితం తీసుకున్నాను. తెలుగులో ఉంది. ఓట్సు ఇంత, మైదా ఇంత, లవంగాలు ఆరు. గుజ్జు రెండు గ్లాసులు. ఆ చేతిరాత నాకు తెలుసు. మా అబ్బాయి బడి ఫారాల మీద, గ్యాస్ బుక్కు మీద, మా నిఖా అయిన కొత్తలో నాకు రాసిన ఒకే ఒక్క చీటీ మీద ఉన్న చేతిరాత అదే. కాయితం తిరగేశాను. వెనక అచ్చువేసిన గళ్ళు, లారీ నంబరు, కింద 'క్లచ్ ప్లేటు, స్ప్రింగు బుష్షులు' అని ఉంది. మా ఆయన పనిచేసే షెడ్డులో బండికొకటి రాసే జాబ్‌కార్డు అది.

"మీ ఆయనే మా ఇంటికొచ్చి ఇచ్చి వెళ్ళాడు," అంది దుర్గ. "నీకిష్టమయ్యే ఇస్తున్నాడేమో, ఆ రోజు అన్న మాటకి నేరుగా క్షమించమని అడగలేక నువ్వే పంపావేమో అనుకున్నాను. ఇక్కడికి వచ్చి నీ మొహం చూశాక తెలిసింది, నీకు తెలీదని. అప్పుడు చెప్పాలనిపించలేదు. దొంగన్నావు కదా."

కానీ మా ఆయన చదివింది తెలుగు బళ్ళో. ఉర్దూ మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. నా పుస్తకాన్ని ఎవరో ఆయనకి చదివి వినిపించాలి. ఈ ఇంట్లో ఉర్దూ చదవడం వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకరు నేను.

ముందుగదిలో పూసల చప్పుడు ఆగిపోయింది.

కాయితం పట్టుకుని మంచం ముందుకి వెళ్ళి నిలబడ్డాను. మా ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే, మీ కోసం తెలుగులో చెప్తున్నాను. కోడలినై పదకొండేళ్ళయినా మా అత్తగారికి నేనింకా దుల్హన్‌నే, అంటే పెళ్ళికూతుర్నే. పేరు పెట్టి పిలవదు.

"చదివింది నేనే, దుల్హన్," అంది, నేను అడక్కముందే. తల వంచుకోలేదు. "కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్క మాటా చదివి చెప్పాను. వాడు రాశాడు."

"ఎందుకు అత్తమ్మా?"

"నా మొగుడి గోరీ చల్లపల్లిలో ఉంది. నా పెద్దకొడుకు అక్కడున్నాడు. నేను ఇక్కడ ఈ రేకులు కొట్టే చప్పుడు వింటూ చావాలా? నువ్వు గెలిస్తే నన్ను ఇక్కడే ఉంచేస్తావు. అందుకని నువ్వు గెలవకూడదనుకున్నాను."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెప్తే వింటావా నువ్వు?"

వినేదాన్ని కాదు. అది కూడా నిజమే. అయినా ఆ క్షణాన ఆవిడ మీద జాలి రాలేదు నాకు. మంచం మీద నుంచి ఆవిణ్ణి ఈడ్చి పారేయాలన్నంత కోపం వచ్చింది. తల్లి అడిగితే మాత్రం, "కౌంటరొస్తే ఉందాం" అని నాకు మాటిచ్చిన మనిషి జాబ్‌కార్డు వెనక కూర్చుని రాస్తాడా? మొహం మీద వద్దనే ధైర్యం లేక, నన్ను దుర్గ చేతిలో ఓడించి పని కానిద్దామనుకున్నాడా?

వీధిలో ట్రాలీ ఆటో ఆగిన చప్పుడైంది.

మా ఆయన లోపలికి వచ్చాడు. వెనక షెడ్డులో పనిచేసే ఇద్దరు మనుషులు, భుజాల మీద తాళ్ళు. శౌరయ్యగారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. దుర్గని చూశాడు. నా చేతిలో కాయితాన్ని చూశాడు.

"ఇంకా అవలేదా?" అన్నాడు. "పన్నెండింటికల్లా అయిపోతుందనుకున్నాను."

"అయిపోయింది. గెలిచాను," అన్నాను. "ఈ తాళ్ళు ఎందుకు?"

ఆయన వాళ్ళమ్మ వంక చూశాడు. నేను ఆయనవంకే చూస్తున్నాను.

"బట్టీని ఒక హోటలు వాళ్ళకి అమ్మేశాను," అన్నాడు నేల చూస్తూ. "ఇవాళే తీసుకెళ్తామన్నారు. నువ్వు గెలుస్తావనుకోలేదు, ముబీనా."

పదకొండేళ్ళలో ఎన్నో మాటలు పడ్డాను. ఈ ఒక్క మాట పడలేకపోయాను. తన చేతుల్తో వెల్డింగు చేసి, తన నాలిక కాల్చుకుని నవ్విన మనిషి నేను గెలుస్తానని అనుకోలేదట.

వంటింట్లోకి వెళ్ళి బట్టీ ముందు నిలబడ్డాను. లోపల రెండో ట్రే ఉంది, ఇంకా ఆరు నిమిషాలు కాలాలి. వచ్చిన మనుషులిద్దరూ మా ఆయన వంక చూశారు. దుర్గ తన ఓవెను చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడే ఆగి, వెనక్కి తిరిగి, "అక్కా," అంది.

"మాటిచ్చేశాను. పక్కకి జరుగు," అన్నాడు మా ఆయన.

నా వీపుకి తలుపు రేకు కాలుతోంది. చీర లోంచి ఒంటికి తెలుస్తోంది. నేను కదల్లేదు. ఆయన నా మొహం చూడకుండా వంగి, గ్యాస్ ఆపడానికి చెయ్యి చాపాడు.